పాఠకులను పెంచిన నవలాకారుడు

నవల పుట్టటానికి రచయిత ఒక్కడే చాలడు. అచ్చువేసేవారు కావాలి, కొని చదివేవారు కావాలి. ఉన్నత విద్య ఉర్దూలో సాగిన నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకానికి ఈ రెండూ అరుదే. ఆ కొరతను తీర్చటానికి పూనుకొని, ఆ పిమ్మటనే నవల చేపట్టినవారు శ్రీ వట్టికోట ఆళ్వారుస్వామి.

ఆయన 1915లో నల్లగొండ జిల్లా నకిరేకల్లు ప్రాంతంలో జన్మించారు. చిన్ననాడే తండ్రి గతించగా ఒక ఉపాధ్యాయునికి వంట చేసిపెడుతూ చదువు నేర్చుకున్నారు. కొంతకాలం హోటలులో సర్వరుగా పనిచేశారు. తరువాత గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దారు. కళాశాల మెట్లెక్కని ఆయనకు పత్రికా కార్యాలయమే విద్యాలయమైంది.

1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి స్మృతికి చిహ్నంగా ఆ పేరు పెట్టారు. అచ్చయిన పుస్తకాలను తామే మోసుకొని ఇల్లిల్లూ తిరిగి అమ్మేవారు. ఆ విధంగా తెలుగు చదివే అలవాటు ఎన్ని ఇళ్లలో వేరూనిందో లెక్కకట్టటం కష్టం.

ఆంధ్ర మహాసభ కార్యకర్తగా ఆయన పలుమార్లు కారాగారవాసం అనుభవించారు. నిజామాబాదు జైలులో మహాకవి దాశరథి ఆయనకు సహచరులు. దాశరథి తమ ‘అగ్నిధార’ను ఆళ్వారుస్వామికే అంకితమిచ్చారు. తోటి ఖైదీల జీవితాలను పరికించి ఆయన వ్రాసిన కథలే ‘జైలు లోపల’.

1955లో వెలువడిన ‘ప్రజల మనిషి’ ఆయన ప్రధాన రచన. దిమ్మెగూడెం అనే పల్లె, అక్కడి దొర రామభూపాలరావు, పేద వైష్ణవ కుటుంబంలో పుట్టి ప్రజాసేవకుడుగా ఎదిగిన కంఠీరవం ఇందులో ముఖ్యులు. కూలి లేకుండా దొర పొలం దున్నటం, గడీకి నీళ్లు మోయటం, బట్టలుతకటం, కుండలివ్వటం, ఇదంతా వెట్టి. అది ఒక్క నల్లగొండ బాధ కాదు. 1935లో ఆంధ్ర మహాసభ నాటి కరీంనగరం జిల్లా సిరిసిల్లలో సమావేశమైన రోజులలో సుల్తానాబాదు పరిసరాల పల్లెలూ ఆ బరువునే మోస్తున్నవి. అందుచేత ఈ ప్రాంతపు పాఠకునికి దిమ్మెగూడెం పరాయి ఊరనిపించదు.

ఈ నవలలో మార్పు ఒక్క వీరుని వలన రాదు. భయపడిన మనుషులు ఒకరినొకరు చూచుకొని, కూడి మాట్లాడుకొని, నోరు విప్పటం నేర్చుకుంటారు. దొరను తిట్టటం తేలిక, భయం ఎట్లా వదులుతుందో చూపటం కష్టం. ఆళ్వారుస్వామి ఆ కష్టమైన పనినే ఎన్నుకున్నారు.

ఈ కథకు కొనసాగింపుగా మొదలుపెట్టిన ‘గంగు’ పూర్తికాలేదు. 1961 ఫిబ్రవరి 5న, 46వ ఏట, ఆయన కన్నుమూశారు. అసంపూర్ణంగానే ఆ నవల 1965లో అచ్చయింది. ఇతరుల గ్రంథాలను అచ్చువేసి ఇల్లిల్లూ చేర్చటంలో గడిచిన ఏళ్లు తమ రచనకు దక్కి ఉంటే మరికొన్ని నవలలు మిగిలేవేమో! అయితే వాటిని చదివేవారు మాత్రం తక్కువయ్యేవారు. వెట్టిని చవిచూచిన తరం కనుమరుగవుతున్న వేళ ‘ప్రజల మనిషి’ని చేతికి తీసుకొని చదవటమే ఆ ఋణం తీర్చుకొనే మార్గం.