కిలిమంజారో విశేషాలు: ఎక్కినవారూ, ఎక్కించినవారూ

ఎవరెస్ట్ ఎత్తు 8,849 మీటర్లు, కిలిమంజారో ఎత్తు 5,895. ఈ లెక్క సముద్రమట్టం నుంచి. అదే భూమి నడిమధ్య నుంచి కొలిస్తే ఫలితం తారుమారవుతుంది. భూమి అచ్చంగా గుండ్రం కాదు, భూమధ్యరేఖ దగ్గర కాస్త ఉబ్బి ధ్రువాల దగ్గర అణిగి ఉంటుంది. ఆ రేఖకు దక్షిణంగా మూడు డిగ్రీల దూరంలో, టాంజానియాలో ఉంది కిలిమంజారో. అందుకే దాని కొన భూకేంద్రం నుంచి చూస్తే ఎవరెస్ట్ కొన కంటే కిలోమీటరున్నరకు పైగా ఎక్కువ దూరంలో ఉంటుంది.

ఆఫ్రికాలో ఇదే ఎత్తయిన కొండ. ఏ పర్వతశ్రేణిలోనూ భాగం కాకుండా ఒంటరిగా నిలిచిన కొండల్లో ప్రపంచంలోనే పెద్దది. చుట్టూ మైదానం, మధ్యలో ఒక్కసారిగా దాదాపు 4,900 మీటర్లు పైకి లేచిన అగ్నిపర్వతం. నిజానికి ఇవి మూడు అగ్నిపర్వతాలు. షిరా ఎప్పుడో కూలి పీఠభూమిగా మిగిలింది. కోరల్లాంటి రాళ్లతో నిలిచిన మావెంజీ (5,149 మీటర్లు) కూడా చల్లారిపోయింది. కిబో మాత్రం నిద్రలో ఉంది. దాని బిలం లోపల ఇప్పటికీ గంధకపు ఆవిర్లు వస్తుంటాయి. ఆ బిలం అంచు మీద ఉన్న ఉహురు శిఖరమే అందరి గమ్యం.

మరో విశేషం చూడండి. ఎవరెస్ట్ దక్షిణపు బేస్ క్యాంప్ 5,364 మీటర్ల ఎత్తున ఉంది. కిలిమంజారో కొన అంతకన్నా 500 మీటర్లకు పైగా ఎత్తు. అయినా ఏటా వేలాది మంది మామూలు మనుషులు, ఉద్యోగులు, గృహిణులు, పదవీ విరమణ చేసినవారు, తాడు పట్టకుండా, మంచుగొడ్డలి ఎత్తకుండా ఆరేడు రోజుల్లో నడిచి దీన్ని ఎక్కేస్తున్నారు. నడిచి ఎక్కగలగడమే ఈ కొండ ఆకర్షణ, ప్రమాదం కూడా అందులోనే ఉంది.

ఆరు రోజుల్లో అయిదు లోకాలు

కింద చగ్గా తెగ రైతుల కాఫీ, అరటి తోటలు. వాటి పైన తేమతో నిండిన చిట్టడవి. ఆపైన పొదల మైదానం, తర్వాత గడ్డిపోచ కనిపించని రాతి ఎడారి, చివరికి మంచు. వారం తిరగకుండా ఇన్ని వాతావరణాలు కాలినడకన దాటించే దారులు లోకంలో చాలా తక్కువ.

ఆఫ్రికా ఖండంలో ఇంతవరకు కొలిచిన స్థానిక జాతుల చెట్లలో అత్యంత ఎత్తయినది ఈ కొండ లోయలోనే దొరికింది. జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఆండ్రియాస్ హెంప్ బృందం దాని వివరాలు 2016లో ప్రకటించింది. ఎత్తు 81.5 మీటర్లు. అంత పెద్ద చెట్టు అంతకాలం ఎవరి లెక్కకూ అందలేదంటే ఆ లోయలు ఎంత దుర్గమమో ఊహించుకోవచ్చు.

నాకు మాత్రం ఆ మహావృక్షం కంటే పైన పొదల మైదానంలో పెరిగే రెండు మొక్కలే ఎక్కువ ఆశ్చర్యం. అక్కడ పగలు ఎండ మాడ్చేస్తుంది, రాత్రి నీళ్లు గడ్డకడతాయి. అంటే రోజూ ఒక వేసవి, ఒక శీతకాలం. జెయింట్ గ్రౌండ్‌సెల్ అనే చెట్టు తన ఎండుటాకుల్ని రాల్చదు. దుప్పటి కప్పుకున్నట్టు వాటిని మాను చుట్టూ చుట్టుకుని కాండం లోపలి నీరు గడ్డకట్టకుండా కాపాడుకుంటుంది. దాని పక్కనే జెయింట్ లొబీలియా. గుండ్రంగా పేర్చినట్టుండే ఆకుల మధ్య నీళ్లు నింపుకుని, పొద్దు వాలగానే ఆకుల్ని లోపలికి ముడుచుకుంటుంది. తెల్లవారి చూస్తే పైనున్న నీళ్లు అద్దంలా గడ్డకట్టి ఉంటాయి, కింద లేతచిగురు క్షేమంగా ఉంటుంది. బరాంకో క్యాంప్ దగ్గర ఈ రెండూ గుంపులుగా కనిపిస్తాయి. ఆయాసంతో తల వంచుకుని నడిచేవాళ్లు వీటిని చూడకుండానే దాటిపోతారు. అది నిజంగా నష్టమే.

మంచు ఉందంటే నమ్మలేదు

1848లో యోహానెస్ రెబ్‌మాన్ అనే జర్మన్ మతప్రచారకుడు ఈ కొండ మీద మంచు చూశానని రాస్తే లండన్‌లోని భూగోళ పండితులు కొట్టిపారేశారు. భూమధ్యరేఖ దగ్గర మంచేమిటన్నది వాళ్ల వాదన. ఆయన చూసింది నిజమేనని తేలడానికి మరికొన్నేళ్లు పట్టింది. ఇప్పుడు ఆ మంచే కరిగిపోతోంది. 1912లో సుమారు 12 చదరపు కిలోమీటర్లు ఉన్న హిమానీనదాలు 2011 నాటికి రెండు చదరపు కిలోమీటర్లు కూడా లేవు. నూటికి 85 వంతులు పోయాయి. 2000లో అమెరికా శాస్త్రవేత్త లానీ థాంప్సన్ బృందం ఈ మంచులోకి రంధ్రాలు వేసి తీసిన నమూనాల్లో అడుగు పొరల వయసు 11,700 ఏళ్లని లెక్కగట్టారు. తరతరాల వాతావరణ చరిత్ర దాచుకున్న ఆ పుస్తకంలో చాలా పేజీలు మన కళ్లముందే పోయాయి.

1926లో బిలం అంచున ఒక చిరుతపులి కళేబరం గడ్డకట్టి కనిపించింది. వేటకు ఆహారమే దొరకని అంత ఎత్తుకు అది ఎందుకెక్కిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఆ చోటును ఈనాటికీ లెపర్డ్ పాయింట్ అంటారు. హెమింగ్వే 1936 నాటి తన ప్రసిద్ధ కథ మొదట్లో దాన్ని ప్రస్తావించాక ఆ చిరుత లోకమంతటికీ తెలిసిపోయింది.

మొదటి అడుగు ఎవరిది?

1889 అక్టోబర్ 6న జర్మన్ భూగోళవేత్త హాన్స్ మేయర్, ఆస్ట్రియా పర్వతారోహకుడు లుడ్విగ్ పుర్చెల్లర్ శిఖరాన్ని అందుకున్నారు. అంతకు ముందు మేయర్ విఫలమయ్యాడు, ఒకసారి తిరుగుబాటుదారుల చేతికి చిక్కి సొమ్ము చెల్లించి బయటపడ్డాడు. ఈసారి అతను గెలిచిన ఉపాయం సాదాసీదాది. కొండ మీద వేర్వేరు ఎత్తుల్లో శిబిరాలు పెట్టి, కింది నుంచి తిండి క్రమం తప్పకుండా పైకి చేరేలా ఏర్పాటు చేసుకున్నాడు. ఆ తిండి మోసినవాళ్లు స్థానికులు. రికార్డు పుస్తకాల్లో మాత్రం ఇద్దరు యూరోపియన్ల పేర్లే నిలిచాయి.

మరంగు ఊరి జనం మరో పేరు చెబుతారు: యోహానీ కిన్యాలా లౌవో. దారి చూపిన పడుచువాడు ఆయనేనని వాళ్ల నమ్మకం. తొలి ఆరోహణకు నూరేళ్లు నిండిన 1989లో టాంజానియా ఆయన్ను గౌరవించి ఇల్లు కట్టించి ఇచ్చింది. 1996లో కన్నుమూసేనాటికి ఆయన వయసు 125 ఏళ్లని అంటారు. చరిత్రకారుల్లో దీనిపై ఏకాభిప్రాయం లేదు. వయసు మాట ఎలా ఉన్నా, శిఖరం గౌరవంలో స్థానికుడికి వాటా ఇవ్వడానికి నూరేళ్లు పట్టడం మాత్రం నన్ను బాధిస్తుంది.

మేయర్ ఆ శిఖరానికి తన చక్రవర్తి కైజర్ విల్హెల్మ్ పేరు పెట్టాడు. 1961 డిసెంబర్ 9న టాంగన్యికాకు (ఇప్పటి టాంజానియా ప్రధాన భూభాగం) స్వాతంత్ర్యం వచ్చిన అర్ధరాత్రి లెఫ్టినెంట్ అలెగ్జాండర్ న్యిరెండా అదే చోట జాతీయ పతాకం నాటి దివిటీ వెలిగించాడు. అప్పటి నుంచి అది ఉహురు శిఖరం, అంటే స్వేచ్ఛా శిఖరం.

పరుగు, చక్రాలు, చేతులు

జనం ఆరేడు రోజులు నడిచే దారిని స్విస్-ఈక్వడార్ పర్వతారోహకుడు కార్ల్ ఎగ్లాఫ్ 2014 ఆగస్టులో 6 గంటల 42 నిమిషాల్లో ఎక్కి దిగాడు. అంతకు ముందు ఆ రికార్డు 2010లో 7 గంటల 14 నిమిషాలతో స్పెయిన్‌కు చెందిన కిలియన్ జోర్నెట్‌ది. ఈ కొండ ఒడిలోనే పుట్టి పెరిగిన సైమన్ మ్టుయీ 2006లో తన తిండీ నీళ్లూ తానే మోసుకుంటూ, ఎవరి సాయమూ లేకుండా సుమారు 9 గంటల 20 నిమిషాల్లో ముగించాడు. గడియారం ఒక్కటే చూస్తే ఎగ్లాఫ్ గొప్ప, కానీ నన్నడిగితే మ్టుయీ పరుగే గొప్ప.

2019లో అమెరికా మహిళ ఆన్ లోరిమార్ 89 ఏళ్ల వయసులో శిఖరం చేరింది. దక్షిణాఫ్రికాకు చెందిన బెర్నార్డ్ గూసెన్ సెరిబ్రల్ పాల్సీ ఉన్న మనిషి. ఆయన 2003లో ఒకసారి, 2007లో మరోసారి చక్రాల కుర్చీలోనే పైకి వెళ్లాడు. రెండు చేతులూ మోచేతుల దగ్గర, రెండు కాళ్లూ మోకాళ్ల దగ్గర ఆగిపోయిన కైల్ మేనార్డ్ 2012లో కృత్రిమ అవయవాలు లేకుండా పాకుతూనే కొన చేరాడు. 2014 సెప్టెంబర్‌లో 5,730 మీటర్ల ఎత్తున బిలం లోపల చాప పరిచి క్రికెట్ కూడా ఆడారు. మఖాయా ఎన్‌తినీ, ఆష్లే గైల్స్, హెదర్ నైట్ ఆ ఆటలో ఉన్నారు. మబ్బు కమ్మేయడంతో పది ఓవర్లకే ఆపేశారు.

మనవాళ్లూ తక్కువేం కాదు. నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. కిలిమంజారో ఎక్కింది మార్చి 15, బుధవారం. అక్కడ వారం పేరు ఎందుకు చెప్పానంటే, గురువారం విన్సన్, శుక్రవారం అకంకాగువా, బుధవారం కిలిమంజారో, శనివారం కొజియస్కో, ఆదివారం ఎవరెస్ట్, మంగళవారం ఎల్బ్రస్, సోమవారం డెనాలీ. ఏడు శిఖరాలు, ఏడు వారాల పేర్లు, ఒక్కటీ రెండుసార్లు రాలేదు. ఇంత అందమైన రికార్డు నేను మరొకటి వినలేదు. 2015లో ఆండీస్ కొండల్లో ఆయన ప్రాణం విడిచాడు. ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ 2016లో కిలిమంజారోనూ ఎక్కింది. హైదరాబాద్ బాలుడు సమన్యు పోతురాజు 2018 ఏప్రిల్ 2న ఏడేళ్ల వయసులో ఉహురు శిఖరం మీద జెండా ఎగరేశాడు. అయితే పార్కు నిబంధన ప్రకారం కనీస వయసు పదేళ్లు, అంతకన్నా చిన్నవాళ్లకు ప్రత్యేక అనుమతి కావాలి. పిల్లల పేరిట రికార్డుల కోసం తొందరపడే తల్లిదండ్రులు ఆ నిబంధన ఎందుకుందో ఒక్కసారి ఆలోచించాలి.

పోలే పోలే

గైడ్ లేకుండా ఈ కొండ ఎక్కనివ్వరు. 1991 నుంచి అదే చట్టం. దారిలో గైడ్ నోటివెంట అన్నిటికన్నా ఎక్కువగా వినబడే మాట 'పోలే పోలే', నెమ్మదిగా, నెమ్మదిగా అని. శిఖరం మీద ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్ సముద్రతీరంలో అందేదానిలో సగమే. ఆ కొరతకు శరీరం అలవాటు పడాలంటే రోజులు కావాలి. అందుకే మచామే, లెమోషో దారుల్లో పగలు 4,600 మీటర్ల లావా టవర్ దాకా ఎక్కించి, రాత్రి పడకకు మళ్లీ 4,000 మీటర్ల లోపు ఉన్న బరాంకోకు దించుతారు. సాయంత్రం భోజనాల గుడారంలో టీ, పాప్‌కార్న్ ముందు పెట్టి, ఒక్కొక్కరి వేలికి ఆక్సిమీటర్ తగిలించి అంకె రాసుకుంటారు. తలనొప్పి ఉందా, అన్నం సయించిందా, నిద్ర పట్టిందా అని అడుగుతారు. ఇక్కడ ధైర్యం చూపించాలని అబద్ధం చెప్పినవాడు ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరితే మందు ఒక్కటే: వెంటనే కిందికి దిగడం.

చివరి రాత్రి బయలుదేరేది అర్ధరాత్రికి అటూ ఇటూ. తలకు దీపాలు కట్టుకుని ఒకరి మడమలు ఒకరు చూసుకుంటూ వంకర దారిలో ఎక్కుతారు. నీళ్ల సీసా తలకిందులుగా పెట్టుకోమని గైడ్ ముందే చెబుతాడు, ఎందుకంటే నీరు పైనుంచి గడ్డకడుతుంది, మూత బిగుసుకుపోతే తాగడానికి చుక్క దక్కదు. ఇలాంటి చిన్న తెలివే ఆ రాత్రి కొండ ఎక్కిస్తుంది.

ఈ యాత్రకు అసలు బలం 'వగుము' అని పిలుచుకునే మోతగాళ్లు. అంటే గట్టిపిండాలు అనుకోండి. ఇద్దరు యాత్రికులు బయలుదేరితే వెంట ఏడెనిమిది మంది కదులుతారు. గేటు దగ్గర కాటాకు వేలాడదీసి ఒక్కో మూట తూస్తారు, 20 కిలోలు దాటకూడదు. గుడారాలు, గ్యాస్ బండ, గుడ్ల అట్టలు, కుర్చీలు, నీళ్ల డబ్బాలు, కొందరికి మరుగుదొడ్డి కూడా, అన్నీ తలల మీదా మెడల మీదా ఎక్కుతాయి. యాత్రికుడి కంటే ఆలస్యంగా బయలుదేరి, దారిలోనే దాటేసి, అతను చేరేసరికి గుడారం వేసి నీళ్లు కాచి ఉంచుతారు. బరాంకో గోడ మీద మనం రెండు చేతులతో రాతిని కావలించుకుని జరిగే చోట వాళ్లు తల మీద మూటతో దాటుతారు. ఇదే పని నెలకు రెండు మూడు యాత్రల్లో చేస్తారు. వాళ్లకు చాలిన బూట్లు, కోట్లు, సరైన కూలి, మూడు పూటలా తిండి దొరకని రోజులు ఉండేవి, కొన్ని కంపెనీల్లో ఇప్పటికీ ఉన్నాయి. 2003లో మొదలైన కిలిమంజారో పోర్టర్ల సహాయ సంస్థ ఈ విషయాలన్నీ పరిశీలించి, పద్ధతిగా నడిచే కంపెనీల జాబితా ప్రకటిస్తోంది.

కిలిమంజారో వెళ్లాలనుకునే తెలుగువారికి నా మనవి రెండే మాటలు. అయిదు రోజుల చవక ప్యాకేజీకి ఆశపడకండి, ఏడు రోజులకు తగ్గని దారి పట్టండి. కంపెనీని ఎంచుకునే ముందు ఆ జాబితాలో పేరుందో లేదో చూడండి, దిగి వచ్చాక బక్షీసు మోతగాళ్ల చేతికే నేరుగా ఇవ్వండి.