బావుల దినచర్య పుస్తకమును కంప్యూటరులో నెలకొల్పునపుడు వచ్చు చిక్కులు



నాగార్జునసాగరు ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ రైతునకును, జూరాల క్రింద గద్వాల రైతునకును కాలువనీరు కొంత ఆధారమై యున్నది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతములలోని మెట్ట గ్రామములు అనేకములు మాత్రము నేటికిని బోరునే నమ్ముకొని యున్నవి. మన నేల అడుగున నున్నది గట్టి గ్రానైటు శిల. నీరు దానిపైనున్న శిథిలశిలల పొరయందును, క్రిందనున్న చీలికలయందును మాత్రమే నిలుచును. అందుచేతనే ఒకని బోరు పోయుచుండగా ప్రక్కచేనివాని బోరు ఎండిపోవును. ఇట్టి చోట యాసంగిలో ఎన్ని ఎకరములు వరి వేయవచ్చునో, ఎన్ని ఎకరములు ఆరుతడి పైరులకు విడువవలెనో చెప్పగలది బావుల మట్టముల లెక్క యొక్కటే.

ఇది క్రొత్త మాట కాదు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 2003వ సంవత్సరమున నెదర్లాండ్సు ప్రభుత్వ ధనసహాయముతో ఆరంభమై, పిదప ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటును పొందిన రైతు నిర్వహణ భూగర్భజల పథకము ఏడు జిల్లాలలో నడచినది. ఆ ఏడింటిలో నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలును ఉండెను. అందు రైతులు, స్త్రీలతో సహా, తామే వానను కొలిచి, బావుల మట్టములను కొలిచి, పుస్తకములలో వ్రాసి, గ్రామమున అందరికి కనబడునట్లు పలకలపై ప్రకటించి, ఆ లెక్కనుబట్టి పైరులను నిర్ణయించుకొనిరి. కాగితపు పుస్తకమునకు చెదలు పట్టును, వాన తగులును. అది ఒకరి యింటనే యుండుటచే తక్కినవారికి అందదు. కావున ఆ పుస్తకమును సంఘపు కంప్యూటరులో నుంచుకొనవలెనని కొందరు యువకులు మమ్ము తరచుగా అడుగుచున్నారు. వారికి వచ్చు చిక్కులను, వాని నివారణోపాయములను ఇందు వివరించెదము.

పుస్తకము ఎట్టిది?

ఈ పనికి ఫార్మ్‌ఓఎస్ అను ఉచిత సాఫ్టువేరు గలదు. ఇది డ్రూపల్ అను పునాదిపై కట్టబడినది. వెల లేకుండ ఎవరైనను తమ కంప్యూటరులో నెలకొల్పుకొనవచ్చును. పొలము, బావి, పైరు, పశువు మొదలగు ఆస్తులు ఒక వైపును, వానికి జరిగిన పనులు, కొలతలు, పరీక్షలు తేదీలతో మరియొక వైపును ఇందు నమోదగును. దీనిని ఫోనులోని బ్రౌజరు ద్వారానే తెరచి చూడవచ్చును.

దీనియందు మూడు భాగములున్నవని తెలిసికొన్నచో సగము చిక్కు తీరును. మొదటిది గుమాస్తా వంటి ప్రోగ్రాము. అది మనమడిగినదానిని వ్రాయును, చూపును. రెండవది సందుగ వంటి డేటాబేసు. వ్రాసినదంతయు అందులో నుండును. మూడవది దారి, అనగా మన ఫోను ఆ కంప్యూటరును చేరు నెట్‌వర్కు చిరునామా.

మోటరు వేసిన తరువాత మడిలో నీరు పడనిచో మనమేమి చేయుదుము? బోరునే మరల త్రవ్వింతుమా? ముందు కరెంటు వచ్చుచున్నదా యని చూతుము. తరువాత స్టార్టరు, పైపు, వాల్వు, కాలువగట్టు, ఈ వరుసననే చూచుచు పోదుము. కంప్యూటరు విషయమునను అట్లే చేయవలెను. అన్నిటిని ఒకేసారి మార్చినచో తప్పు ఎక్కడనుండెనో ఎన్నటికిని తెలియదు. ఒక మార్పు చేసి, ఫలితము చూచి, దానిని కాగితముపై వ్రాసికొని, పిమ్మట మరియొకటి చేయుడు.

1. పుట తెరచుకొనకుండుట

మొదట ఆ కంప్యూటరుమీదనే లోకల్‌హోస్టు అను చిరునామాతో తెరచి చూడుడు. అక్కడ తెరచుకొని ఫోనులో తెరచుకొననిచో గుమాస్తాయు సందుగయు క్షేమమే. దోషము దారిలో నున్నది. ఫోను సంఘపు వైఫైలో నున్నదా, లేక మొబైలు డేటాలో నున్నదా చూడుడు. కంప్యూటరు ఫైర్‌వాలు అడ్డగించుచున్నదేమో చూడుడు.

కరెంటు పోయి వచ్చిన తరువాతనే ఈ చిక్కు కలిగినచో కారణము తరచుగా వేరొకటి. రౌటరు మరల లేచినపుడు కంప్యూటరునకు క్రొత్త అంకెల చిరునామాను ఇచ్చియుండవచ్చును. నిన్నటి చిరునామాకు పోయినవానికి నేడు ఇల్లు ఖాళీ. ఆ కంప్యూటరునకు ఎల్లప్పుడు ఒకే చిరునామా యిచ్చునట్లు రౌటరులో నిర్ణయించుట దీనికి మందు. కరెంటు రాగానే ప్రోగ్రాము తనంతట తానే ఆరంభమగునట్లును ఏర్పరుపవలెను. లేనిచో ఎవరో ఒకరు వచ్చి లేపువరకు అది నిద్రించుచుండును.

2. ఆతిథేయి పేరు చెల్లదను సందేశము

దారి సరిగానే యున్నది. గుమాస్తా తలుపు తీసి, "ఈ పేరుతో వచ్చినవానిని నేనెరుగను" అనుచున్నాడు. డ్రూపల్‌లో నమ్మదగిన హోస్టు పేర్ల పట్టిక యొకటి గలదు. మీరు వాడు చిరునామా అందు లేనిచో ఈ సందేశము వచ్చును. సెట్టింగుల ఫైలులో దానిని చేర్చినచో చాలును. పట్టికను పూర్తిగా తీసివేయుట సులభమని తోచును గాని, అది వాకిలికి గడియ తీసివేయుటయే.

3. డేటాబేసు దొరకకుండుట

ఫార్మ్‌ఓఎస్‌ను డాకర్ అను సాధనముతో నెలకొల్పువారు పెక్కుమంది. డాకర్‌లో గుమాస్తా ఒక పెట్టెలోను, సందుగ మరియొక పెట్టెలోను ఉండును. క్రొత్తవారు డేటాబేసు కూడ ఈ కంప్యూటరులోనే యున్నదిగదా యని లోకల్‌హోస్టు అని వ్రాయుదురు. గుమాస్తా తన పెట్టెలోనే వెదకి లేదని చెప్పును. అక్కడ వ్రాయవలసినది డేటాబేసు పెట్టెకు కాన్ఫిగరేషను ఫైలులో నిచ్చిన పేరు. ఆ గడి ఇన్‌స్టాలు పుటలో పై వరుసను కనబడదు. అదనపు ఎంపికలను తెరచినగాని కనబడదు. ఇది చాలమందిని గంటలకొలది బాధించిన చిన్న సంగతి.

4. ఫోటోలు ఎక్కకుండుట

ఆకు తెగులునకు ఫోటో తీసి చేర్చబోగా నిరాకరించినచో రెండు చోట్ల చూడుడు. ఫైళ్ల ఫోల్డరులో వ్రాయుటకు ప్రోగ్రామునకు అనుమతి యున్నదా? ఫోటో పరిమాణము హద్దును మించినదా? పీహెచ్‌పీ భాషకు సహజముగా నున్న హద్దు 2 మెగాబైట్లు మాత్రమే. నేటి ఫోను ఫోటో అంతకు మించుట సామాన్యము. హద్దును పెంచవచ్చును. అనుమతి విషయమున మాత్రము, అందరికి అన్ని అధికారములు ఇచ్చి చేతులు దులుపుకొనరాదు. ఏ ఫోల్డరునకు అవసరమో దానికే ఇయ్యవలెను.

5. తేదీలు తప్పుట, కొలతలు తప్పుట

పై నాలుగు చిక్కులు కంటికి కనబడును. ఇది కనబడదు గనుక మిక్కిలి ప్రమాదకరము.

బావి మట్టమును మోటరు వేయకముందు తెల్లవారుజామున కొలుచుట మంచిది. అప్పుడే నీరు నిలుకడగా నుండును. కంప్యూటరు సమయము విశ్వప్రమాణములో నున్నదనుకొనుడు. అది మన కాలమునకు 5 గంటల 30 నిమిషములు వెనుక. మనము ఉదయము 5 గంటలకు వ్రాసినది అందు ముందటి దినపు రాత్రి 11-30గా పడును. తేదీయే మారిపోవును. కావున మొదటనే ఏషియా కోల్‌కతా కాలమండలమును ఎన్నుకొనుడు. పాత కంప్యూటరులో గడియారపు చిన్న బ్యాటరీ అయిపోయినచో కరెంటు పోయినపుడెల్ల తేదీ ఎన్నో యేండ్లు వెనుకకు పోవును, దానిని మార్పించుడు.

కొలమానమునుగూర్చి ఇంకను జాగ్రత్త వహింపవలెను. 90 అడుగులనగా సుమారు 27 మీటర్లు. ఒకరు 90 అని వ్రాయగా పుస్తకము దానిని మీటర్లుగా నెంచినచో నీరు 295 అడుగుల లోతునకు పోయినట్లగును. ఆ లెక్కను నమ్మి గ్రామము పైరు మానుకొనవచ్చును. లేదా దీనికి విపరీతముగా, లేని నీటిని నమ్మి వరి వేసి నష్టపోవచ్చును. అడుగులో మీటర్లో సంఘము తీర్మానించి, గోడపై వ్రాసి, అందరును దానినే పాటింపవలెను. నేలమట్టమునుండి కొలుచుచున్నారా, కేసింగు అంచునుండియా అనునదియు ఒక్కటిగనే యుండవలెను.

మా తప్పు

మేము తోడ్పడి నెలకొల్పిన ఒకచోట జరిగినది దాపరికము లేక చెప్పెదము. డాకర్‌లోని డేటాబేసు పెట్టెను కంప్యూటరు డిస్కుపైనున్న స్థిరమైన ఫోల్డరుతో కలుపవలెను. మేము ఆ పంక్తిని వ్రాయుట మరచితిమి. మూడు మాసములు పుస్తకము చక్కగా నడచినది. క్రొత్త వెర్షను వేయుటకై పాత పెట్టెను తీసివేయగా అందున్న కొలతలన్నియు దానితోనే పోయినవి. వేసవిలో చీకటితో లేచి బావులు కొలిచిన ఆడబిడ్డలకు మేమేమి సమాధానము చెప్పగలము? కాగితములు కొన్ని దొరకగా మరల ఎక్కించితిమి. వైశాఖమాసపు కాగితములు దొరకలేదు. ఆ యేటి అట్టడుగు మట్టము ఎంతయో ఇక ఎవరికిని తెలియదు.

అప్పటినుండి మేమొక నియమము పెట్టుకొంటిమి. మొదటి నిజమైన కొలతకు ముందు ఒక ఉత్త పద్దు వ్రాయుదుము. పెట్టెలను తీసివేసి మరల నెలకొల్పుదుము. ఆ పద్దు అట్లే యున్నచో పుస్తకము నమ్మదగినది, లేనిచో కాదు. ఈ పరీక్షకు పది నిమిషములు చాలును.

నకలు

సంఘపు కంప్యూటరు మనదే గనుక దానిని కాపాడు భారమును మనదే. వారమునకొకసారి డేటాబేసు నకలును, ఫైళ్ల ఫోల్డరు నకలును తీసి, వేరొక డిస్కులో వేరొక ఇంటిలో నుంచుడు. రెంటిలో ఒక్కటి మాత్రమే యున్నచో పుస్తకము పూర్తికాదు. నాలుగు మాసములకొకసారి ఆ నకలును మరియొక కంప్యూటరులో తెరచి చూడుడు. మొలక పరీక్ష చేయని విత్తనమును నమ్మి దుక్కి విత్తుదుమా? తెరచి చూడని నకలును అట్టిదే. వెర్షను మార్చుటకు ముందు నకలు తీయుట ఎన్నడును మానరాదు.

మరి రెండు హెచ్చరికలు. ఈ పుస్తకమును సంఘపు వైఫైవరకే ఉంచుడు. భద్రత తెలిసిన మనిషి లేకుండ బయటి ఇంటర్నెట్టునకు తలుపు తీయవలదు. ప్రాథమిక సహకార సంఘముల కంప్యూటరీకరణ పథకమును కేంద్రప్రభుత్వము 2022వ సంవత్సరమున మంజూరు చేసినది. ఋణముల లెక్కలకు వాడు కంప్యూటరులో ఈ బావుల పుస్తకమును నెలకొల్పవలదు. దీనికి వేరొక పాత కంప్యూటరు చాలును.

మొదటి యేడు కాగితపు పుస్తకమును కూడ మానకుడు. రెండును సరిపోవుచున్నవని నెలనెలకు చూచుకొనుడు. సంఘమున ఒక్కరు గాక కనీసము ఇద్దరు ఈ పని నేర్వవలెను. ఒకరు పట్నము పోయినను పుస్తకము మూతపడకుండును. చిక్కు వచ్చినపుడు తెరపై వచ్చిన సందేశమును ఒక్క అక్షరము విడువక వ్రాసికొని మాయొద్దకు తెండు. "పని చేయుటలేదు" అను మాటకంటె ఆ సందేశము మాకు ఎక్కువ చెప్పును.