నేను అన్ని నీళ్లు ఏంటికి తాగుతాను?



మీలో చాలామంది నన్ను 'బిందె' అని పిలుస్తారు. పిలవండి, నాకు కోపం లేదు. కానీ ఆ బిందె సంగతి ఏందో ఒకసారి చదవండి.

నా జబ్బు పేరు డయాబెటిస్ ఇన్సిపిడస్. డయాబెటిస్ అనగానే "వీడికి షుగర్ అంట, పాయసం పెట్టొద్దు" అంటారు. నాకు షుగర్ లేదు. పాయసం నాకూ రెండు గరిటెలు వేయవచ్చు. రెండు జబ్బుల్లోనూ దాహం ఎక్కువ, ఒంటేలు ఎక్కువ. అంతవరకే పోలిక. షుగర్ జబ్బు ముదిరితే మూత్రంలో చక్కెర పోతుంది, చీమలు పడతాయి. నాది ఉత్త నీళ్లలాగా ఉంటుంది, ఒక్క చీమ రాదు. 'ఇన్సిపిడస్' అనే లాటిన్ మాటకు రుచి లేనిది అని అర్థం. వెనకటి డాక్టర్లు మూత్రం రుచి చూసి జబ్బు చెప్పేవాళ్లు! (ఇది చదివి ఎవరూ సాయంత్రం అన్నం మానవద్దు.)

పెద్ద మనిషి మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల నీటిని రక్తంలోంచి వడకడతాయి. అందులో దాదాపు అంతా తిరిగి రక్తంలోకే చేరుతుంది. ఒకటి, రెండు లీటర్లు మాత్రం మూత్రంగా పోతుంది. నీళ్లు వృథా పోకుండా ఆపేది వాసోప్రెసిన్ అనే హార్మోను. అది మెదడులో హైపోథాలమస్ అనే చోట తయారై, దాని కింద బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథిలో నిల్వ ఉంటుంది. మన ఊర్లలో చెరువుకు నీరుగంటి ఉంటాడు కదా, అట్లాంటిది. నీరుగంటి తూము బిగించకపోతే తెల్లారేసరికి చెరువు ఖాళీ.

నాకు ఆ నీరుగంటి లేడు. మూడేళ్ల కింద చింతకాయలు దులపను చెట్టెక్కి పడినాను. తలకు దెబ్బ తగిలింది. గాయం మానింది గానీ దాహం మొదలైంది. తలలో గడ్డలు, మెదడు ఆపరేషన్లు, మెదడు పొరల టీబీ వల్ల కూడా ఇది వస్తుంది. కొందరికి కారణమే దొరకదు. ఇంకో రకం ఉంది. అందులో నీరుగంటి వస్తాడు గానీ తూము బిగుసుకోదు, అంటే మూత్రపిండాలు హార్మోను మాట వినవు. అది పుట్టుకతో రావచ్చు, లిథియం అనే మందు వల్ల కూడా రావచ్చు.

ఇదివరకు నేను ఉన్న హాస్టల్లో, పక్క తడుపుతున్నానని సాయంత్రం ఆరు దాటితే నీళ్లు ఇవ్వలేదు. వాళ్లు చెడ్డవాళ్లని నేను అనను. పక్క తడిపే పిల్లలకు అందరూ అట్లే చేస్తారు. కానీ నాకు నీళ్లు ఆపినా ఒంటేలు ఆగదు, ఒళ్లే ఎండిపోతుంది. రెండో రాత్రి నాలుక అట్టకట్టి, ఎవరూ చూడకుండా పోయి స్నానాల తొట్టిలో నీళ్లు తాగినాను. తెల్లారి ప్రార్థనలో పడిపోయినాను.

ఆసుపత్రిలో సిస్టర్ కొలత జగ్గు ఇచ్చి, తాగిందీ పోసిందీ కాగితం మీద రాయించింది. ఒక్క రోజుకు ఎనిమిది లీటర్లు! తర్వాత నీళ్లు ఆపి గంటగంటకూ బరువు, మూత్రం, రక్తం చూసినారు. మందు ఇచ్చినాక మూత్రం చిక్కబడింది కాబట్టి లోపం హార్మోనుదే అని తేలింది. ఈ పరీక్ష డాక్టర్లు పక్కనుండి చేయవలసినదే, హాస్టల్లో ఎవరూ చేయరాదు.

ఇది పెద్ద దేశాల్లోనూ పొరపాటు పడే జబ్బే. 2009లో లండన్‌లో 22 ఏళ్ల యువకుడొకడు ఆసుపత్రి మంచం మీదనే నీళ్లు అందక చనిపోయాడు. దాహం తట్టుకోలేక పోలీసులకు ఫోన్ చేశాడు కూడా. షుగర్‌తో కలగలిసిపోతోందనే 2022లో పలు దేశాల డాక్టర్లు 'వాసోప్రెసిన్ లోపం' అని పేరు మార్చమన్నారు. నాకూ ఆ పేరే నచ్చింది.

వాసోప్రెసిన్‌ను మొదట ప్రయోగశాలలో తయారుచేసిన డు విన్యో అనే అమెరికా శాస్త్రజ్ఞునికి 1955లో నోబెల్ బహుమతి వచ్చింది. దాన్నే కొంచెం మార్చి చేసిన డెస్మోప్రెసిన్ మాత్రలు నేను వేసుకుంటున్నాను. ఇప్పుడు రాత్రి ఒక్కసారే లేస్తాను.

ఇక మీరు చేయవలసినది. దాహం అంటే నాకు నీళ్లు ఆపవద్దు, తరగతిలో అయినా, పరీక్షలో అయినా. రాత్రి తలుపు గడియ నాకు అందేలా ఉంచండి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే, లేక కళ్లు లోతుకు పోయి నేను మత్తుగా పడుకుంటే, తెల్లారనీ అని ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోండి. మత్తులో ఉన్నవానికి నోట్లో నీళ్లు పోయకండి.

ఇంకొకటి, ఇది నేనే ఒకసారి తప్పు చేసినాను. మాత్ర వేసుకున్నాక పాత అలవాటుతో చెంబులకు చెంబులు తాగితే నీళ్లు లోపలే నిలిచి రక్తంలో ఉప్పు పలచబడుతుంది. తలనొప్పి, వాంతి, తికమక మాటలు వస్తాయి, ఫిట్స్ కూడా రావచ్చు. కాబట్టి నేను ఊరికే తిక్కతిక్కగా మాట్లాడితే నవ్వకుండా నర్సక్కను పిలవండి. (మామూలుగా మాట్లాడే తిక్క మాటలకు అక్కరలేదు.)

తిరుపతి స్విమ్స్‌లో, వేలూరు సి.ఎం.సి.లో ఇట్లాంటి గ్రంథుల జబ్బులకు విడిగా విభాగాలు ఉన్నాయి. మన పూతలపట్టు నుంచి రెండూ దూరం కాదు. నా మాత్ర పేరు, ఎంత వేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నీ రాసిన చీటీ నా రేకు పెట్టె మూతకు లోపలివైపు అంటించి ఉంది. ఆ పెట్టెకు తాళం వేయను.

– 9వ తరగతి విద్యార్థి, పూతలపట్టు