పరీక్షను పరీక్షించేదెవరు?

జీడిపప్పుకు పేరుపొందిన పలాస–కాశీబుగ్గలో "డబ్ల్యూ-240", "డబ్ల్యూ-320" అన్న మాటలు మీరు వినే ఉంటారు. డబ్ల్యూ అంటే విరగని తెల్ల పప్పు. పక్కనున్న అంకె ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, ఎన్ని పప్పులు తూగుతాయో చెబుతుంది. డబ్ల్యూ-240 అంటే 220 నుంచి 240 వరకు. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది; ధర కూడా ఎక్కువే.

పప్పుల లెక్క ఇస్తే గ్రేడు చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాం ఒకటి రాశామనుకోండి. "240 వరకు" అనవలసిన చోట పొరపాటున "240 కంటే తక్కువ" అని రాశాం. 239కి జవాబు సరిగానే వస్తుంది. 240కి మాత్రం తప్పుతుంది. మంచి సరుకు తక్కువ రకంలో పడి, అమ్మేవారు నష్టపోతారు.

ఇలాంటి తప్పులు పట్టడానికి, ప్రోగ్రాంలోని ఒక్కొక్క భాగాన్నీ విడిగా పరీక్షించే చిన్న ప్రోగ్రాంలు రాస్తారు. వీటినే యూనిట్ టెస్టులు అంటారు. జావా భాషలో ఇందుకోసం కెంట్ బెక్, ఎరిక్ గామా 1997లో జెయూనిట్ అనే సాధనాన్ని తయారుచేశారు.

అయితే ప్రోగ్రాంను పరీక్ష సరిచూస్తుంది. మరి ఆ పరీక్షను సరిచూసేదెవరు? చదివే మనిషి కళ్ళే! కనుక పరీక్ష చదవగానే అర్థం కావాలి. అందుకు కొన్ని పద్ధతులున్నాయి.

మొదటిది పేరు. "7వ పరీక్ష తప్పింది" అంటే మనకేం తెలుస్తుంది? "పౌనుకు 240 తూగితే డబ్ల్యూ-240 రావాలి" అని పేరు పెడితే, తప్పు ఎక్కడుందో ఆ పేరే చెబుతుంది.

రెండవది వరుస. మీ సైన్సు రికార్డులో పరికరాలు, పద్ధతి, ఫలితం విడివిడిగా రాస్తారు కదా! ఇక్కడా అంతే: ముందు 240 అనే లెక్క సిద్ధం చేయాలి, తర్వాత గ్రేడు అడగాలి, చివర జవాబు సరిచూడాలి.

మూడవది, ఒక పరీక్షలో ఒకే సంగతి ఉండాలి. రావలసిన జవాబును నేరుగా రాయాలి. ప్రోగ్రాంలోని లెక్కనే మళ్ళీ చేయిస్తే, అక్కడి తప్పే ఇక్కడికీ వస్తుంది. పక్కవాడి లెక్క చూసి రాసి, ఇద్దరి జవాబూ ఒకటే అని సంతోషించినట్లవుతుంది!

ఇప్పుడు మీరొకటి ప్రయత్నించండి. డబ్ల్యూ-210 అంటే పౌనుకు 200 నుంచి 210 పప్పులు. మరి 215 తూగితే? ఆ పరీక్షకు పేరు రాయబోయి చూడండి. మనం ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి మిగిలిందని మీకే తెలుస్తుంది.