బొమ్మ గీస్తే... లెక్క తేలుతుంది!

'ఒక ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. ఆ ఓడ కెప్టెన్ వయసెంత?'

నవ్వొస్తోంది కదూ! 1979 ప్రాంతంలో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో గణిత బోధన మీద పనిచేసే బృందం ఒకటి ఈ లెక్కను ప్రాథమిక పాఠశాల పిల్లలకు ఇచ్చింది. 97 మందిలో 76 మంది లెక్కలో ఉన్న అంకెలతోనే ఏదో ఒక జవాబు రాసేశారు. గొర్రెలకీ కెప్టెన్ వయసుకీ ఏం సంబంధమని వాళ్లు ఆగి చూడలేదు. రెండు అంకెలు కనిపించాయి, వాటితో ఏదో ఒకటి చెయ్యాలి... అంతే!

అది ఫ్రాన్సు సంగతే అనుకోవద్దు. పెన్న ఒడ్డున ఉన్న రొద్దంలోనైనా, పెనుకొండలోనైనా, హిందూపురంలోనైనా పిల్లలకి లెక్కలు చెప్పే వాళ్లు రోజూ వినే ప్రశ్న ఒకటుంది: 'సార్, కలపాలా... తీసెయ్యాలా?' కూడికలు, తీసివేతలు చకచకా చేసేవాళ్లు కూడా మూడు వాక్యాల లెక్క ఎదురైతే పెన్సిలు కొరుకుతూ కూర్చుంటారు.

కష్టం అంకెల్లో కాదు

ఈ లెక్క చూడండి. 'మా చేలో 35 బస్తాల చెనక్కాయలు పండాయి. పక్క చేనికన్నా మాకు 8 బస్తాలు ఎక్కువ. పక్క చేలో ఎన్ని పండాయి?'

'ఎక్కువ' అన్న మాట చెవిన పడగానే చాలామంది పిల్లలు కలిపేసి 43 అంటారు. వాళ్లకి కూడిక తప్పలేదు. వాక్యమే అర్థం కాలేదు. ఇప్పుడు కాగితం మీద ఒక పొడుగు గీత గీయించండి. అది మన చేను, 35 బస్తాలు. దాని కింద మరో గీత. అది పొడుగ్గా ఉండాలా, పొట్టిగా ఉండాలా? మనకే ఎక్కువ పండాయి కాబట్టి పొట్టిగా ఉండాలి. రెండో గీత ఎంత తగ్గిందో అక్కడ 8 అని రాయాలి. ఇక చెప్పాల్సిన పనే లేదు. 35లోంచి 8 పోతే 27. కలపాలో తీసెయ్యాలో బొమ్మే చెప్పేసింది!

సింగపూర్ పెట్టెలు

ఈ పద్ధతిని ఒక దేశం మొత్తం పాఠాల్లోకి తెచ్చింది. 1980ల్లో సింగపూర్‌లో కో టెక్ హాంగ్ నాయకత్వంలోని బృందం ప్రాథమిక తరగతుల లెక్కల పుస్తకాలను తిరగరాసింది. తెలిసినదాన్నీ తెలియనిదాన్నీ పొడవాటి పెట్టెలుగా గీసి పోల్చుకోవడం అందులో ముఖ్యమైన పాఠం. 1995లో వివిధ దేశాల పిల్లలకు పెట్టిన టిమ్స్ గణిత పరీక్షలో నాలుగో తరగతిలోనూ, ఎనిమిదో తరగతిలోనూ సింగపూర్‌దే మొదటి స్థానం. ఆ గెలుపంతా పెట్టెల పుణ్యమే అనలేం గానీ, ప్రపంచం చూపు మాత్రం వాటి మీద పడింది.

మన ఊరి లెక్కతోనే చూద్దాం. మందలో గొర్రెలు, మేకలు కలిపి 48. గొర్రెలు మేకలకు మూడు రెట్లు. మేకలకి ఒక పెట్టె గీయండి. గొర్రెలకి అంతే సైజులో మూడు పెట్టెలు. మొత్తం నాలుగు పెట్టెల్లో 48 ఉంటే ఒక్కో దాంట్లో 12. అంటే మేకలు 12, గొర్రెలు 36.

పిల్లలు జడుసుకునే భిన్నాలు కూడా ఇంతే. 'ఒక రైతు పట్టుగూళ్లలో అయిదింట రెండు వంతులు అమ్మాడు. ఇంకా 90 కిలోలు ఉన్నాయి. మొదట ఎన్ని కిలోలు?' అయిదు పెట్టెలు గీసి, అమ్మిన రెండింటిని కొట్టేయండి. మిగిలిన మూడు పెట్టెలు 90 కిలోలు. ఒక్కోటి 30. అయిదూ కలిపితే 150 కిలోలు.

అందం అక్కర్లేదు!

బొమ్మ గీయమన్నాం కదా అని కొందరు పిల్లలు గొర్రెకి కొమ్ములు, బొచ్చు, మెడలో గంట కూడా వేస్తారు. ముచ్చటగానే ఉంటుంది కానీ లెక్క ముందుకు కదలదు. మేరీ హెగార్టీ, మరియా కొజెవ్నికోవ్ అనే పరిశోధకులు 1999లో ప్రచురించిన అధ్యయనంలో ఇదే తేలింది. వస్తువుల రూపాన్ని ఊహించుకున్న పిల్లల కన్నా, వాటి మధ్య సంబంధాన్ని ఊహించుకున్న పిల్లలే లెక్కలు బాగా చేశారు. కాబట్టి గొర్రెకి ఒక పెట్టె చాలు. ఏది పెద్దది, ఏది చిన్నది, తేడా ఎంత అన్నవి కనిపిస్తే అదే మంచి బొమ్మ.

తాతల నాటి లెక్కలే

కథలాంటి లెక్కలు మనకి కొత్త కాదు. మహావీరాచార్యుడి గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. భాస్కరాచార్యుడు 1150లో రాసిన 'లీలావతి'లో నెమలి, పాము లెక్క ఉంది. 9 మూరల స్తంభం మీద నెమలి. స్తంభం మొదట్లో పాము పుట్ట. 27 మూరల దూరం నుంచి పాము పుట్టకేసి వస్తుంటే నెమలి దాని మీదికి దూకింది. రెండూ ఒకే దూరం వెళ్లి కలిశాయి. పుట్టకి ఎంత దూరంలో? జవాబు 12 మూరలు. త్రిభుజం గీయకుండా ఆ జవాబు తేల్చడం పెద్దలకే కష్టం. లెక్క తెగనప్పుడు బొమ్మ గీయమని గణితవేత్త జార్జ్ పోల్యా 1945లో తన పుస్తకంలో చెప్పిన సలహా కూడా ఇదే.

ఇంట్లో మీరేం చేయొచ్చు?

ముందు వస్తువులు, తర్వాత బొమ్మలు, ఆ తర్వాతే అంకెలు. చిన్న పిల్లలకి చింతపిక్కలు చాలు. హిందూపురం చింతపండు మార్కెట్‌కి పేరున్న ఈ ప్రాంతంలో వాటికి కొదవేముంది! పిక్కలతో చేసిన లెక్కనే మర్నాడు పెట్టెలతో గీయించండి.

లెక్కను ఒకసారి చదివించి, పుస్తకం మూయించి, 'ఏం జరిగిందో చెప్పు' అనండి. చెప్పగలిగితే బొమ్మ గీయగలరు. ఏం కనుక్కోవాలో అక్కడ ప్రశ్న గుర్తు పెట్టించండి. జవాబు వచ్చాక బొమ్మతో సరిపోయిందో లేదో చూసుకోమనండి. పొట్టి గీతకి పెద్ద సంఖ్య వస్తే తప్పు ఎక్కడుందో వాళ్లకే తెలిసిపోతుంది.

ఇందులో ఇంకో మేలుంది. ఈ సరిహద్దు ఊళ్లలో ఇంట్లో ఒక భాష, పుస్తకంలో మరో భాష ఉన్న పిల్లలు ఎందరో. ఇంగ్లీషు వాక్యం అర్థంకాక ఆగిపోయిన పిల్లకి 'లెక్కలు రావు' అన్న ముద్ర పడితే అది పదో తరగతి దాకా వదలదు. గీతకి భాష అడ్డురాదు. చదువురాని అవ్వ కూడా మనవరాలి బొమ్మ చూసి 'ఇది పెద్దదెట్లయితాది పాపా?' అని అడగ్గలదు.

ఎప్పటికీ పెట్టెలే గీస్తూ కూర్చుంటారేమో అన్న భయం వద్దు. సంఖ్యలు పెద్దవయ్యేకొద్దీ బొమ్మ మనసులోకి చేరుతుంది. పై తరగతుల్లో బీజగణితం వచ్చినప్పుడు, విలువ తెలియని ఆ పెట్టెకే 'ఎక్స్' అని పేరు పెడతారు. పెట్టెతో స్నేహమున్న పిల్లలకి ఎక్స్ భూతంలా కనిపించదు.

చివరగా పెద్దలకో లెక్క. ధర్మవరంలో ఒక పట్టుచీర, ఒక పంచె కలిపి 9,000 రూపాయలకు కొన్నారు. చీర ధర పంచె కన్నా 6,000 ఎక్కువ. పంచె ఎంత? 'మూడు వేలు' అన్నారా... అయితే చీర ఆరు వేలే కదా, తేడా మూడు వేలే వస్తుంది! పంచెకో పెట్టె, చీరకి అదే సైజు పెట్టెతో పాటు 6,000 గీసి చూడండి. రెండు పెట్టెలకి మిగిలింది 3,000. పంచె 1,500, చీర 7,500. ఈ ఆదివారం పిల్లలతో కలిసి గీయండి. మీ కన్నా ముందు వాళ్లే చెప్పేస్తారేమో!