బాపు బొమ్మ అందరికీ తెలుసు, మరి బాపు కార్టూన్?

ఆడపిల్ల చక్కగా ఉంటే 'బాపు బొమ్మలా ఉంది' అనడం తెలుగువాళ్లకు అలవాటు. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుని బయట తెలుగు మాట్లాడే కుటుంబాలకూ ఇది తెలిసిన మాటే. అయితే ఈ పొగడ్త బాపుకి కొంచెం అన్యాయం చేసింది. బాపు అంటే పెద్ద కళ్లు, పొడవాటి జడ, సినిమా హీరోయిన్ అనే మిగిలిపోయింది. పత్రికలో అరచేతిలో సగమంత జాగాలో నాలుగు గీతలు గీసి, కింద ఒక్క మాట రాసి నవ్వించిన కార్టూనిస్టు వెనక్కి వెళ్లిపోయాడు.

ఆయన అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. 1933 డిసెంబరు 15న పశ్చిమగోదావరి జిల్లా నరసాపురంలో పుట్టారు. తండ్రి లాయరు. చదువు మద్రాసులో సాగింది. అక్కడే ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ స్నేహితుడయ్యారు. 1945లో 'బాల' పత్రికలో రమణ కథ అచ్చయితే దానికి బొమ్మ వేసింది బాపు. అప్పటికి ఇద్దరూ స్కూలు పిల్లలే. 1955లో బాపు మద్రాసు యూనివర్సిటీలో లా పాసయ్యారు. నల్లకోటు మాత్రం వంటబట్టలేదు. అదే ఏడాది ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా చేరిపోయారు.

కార్టూన్లలో రెండు రకాలు. రాజకీయ కార్టూన్ దినపత్రికది, ఆ వారం గొడవ తెలియకపోతే అర్థం కాదు. రెండోది జోక్ కార్టూన్, ఇది వారపత్రికది. దీనికి వార్తతో పనిలేదు. ఒక గది, ఇద్దరు మనుషులు, ఒక మాట చాలు. బొమ్మ చూస్తే సగమే తెలియాలి, మాట చదివితే సగమే తెలియాలి, రెండూ కలిస్తేనే నవ్వు రావాలి. చెప్పడం తేలికే గానీ వారం వారం చేయడం చాలా కష్టం.

అచ్చు పద్ధతి కూడా ఈ కళను మలిచింది. అప్పట్లో బొమ్మను జింకు బ్లాకు మీదికి ఎక్కించి ముతక కాగితం మీద అచ్చు వేసేవారు. సన్నటి నీడలు, ఎక్కువ గీతలు పెడితే సిరా అలుక్కుపోయేది. అక్కడ నిలిచేది తెగువగా లాగిన గీతే. బాపు గీత అలాంటిది. మనిషి కూర్చున్న తీరులోనే వాడు అప్పు అడగడానికి వచ్చాడో, ఇవ్వలేక నీళ్లు నములుతున్నాడో తెలిసిపోతుంది. కింద మాటలు కూడా స్వయంగా చేత్తో రాసేవారు. ఆ చేతిరాతే తర్వాత కంప్యూటర్ ఫాంటు అయి పెళ్లి కార్డులదాకా వచ్చింది.

ఇక విషయాలంటారా, పెళ్లిచూపులు, కట్నం, అత్తాకోడళ్లు, అల్లుడి అలకలు, అప్పులు. రిష్తా మాట్లాడుకునే రోజు మన ఇళ్లలో జరిగే తతంగం కూడా ఇదేగా! అయితే గయ్యాళి భార్య, నోరులేని మొగుడు తరహా జోకులకు ఈనాటి అమ్మాయిలు నవ్వకపోవచ్చు. వాళ్లను తప్పుపట్టలేం. కాలం మారింది.

ఉర్దూ పాఠకులకు ఇలాంటి పత్రికలు కొత్త కాదు. లక్నోలో 'అవధ్ పంచ్' 1877లోనే వ్యంగ్యచిత్రాలతో మొదలైంది. హైదరాబాద్ నుంచి 'షుగూఫా' హాస్యపత్రిక 1968 నుంచి వచ్చింది. తెలుగులో తలిశెట్టి రామారావు దారి వేస్తే, ఆ నవ్వును ఇంటింటికీ చేర్చినవాళ్లలో బాపు ముందుంటారు. రమణ రాసిన 'బుడుగు' ఆంధ్రపత్రిక వీక్లీలో వచ్చినప్పుడు ఆ పిల్లాడికీ, సీగాన పెసూనాంబకూ రూపం ఇచ్చింది ఈయనే. ఇప్పుడు బుడుగును వేరే మొహంతో ఊహించుకోలేం.

జీతం కోసం జె. వాల్టర్ థామ్సన్ లాంటి అడ్వర్టయిజింగ్ కంపెనీలోనూ పనిచేశారు. 1967లో 'సాక్షి'తో సినిమా దర్శకుడయ్యారు. 1975లో వచ్చిన 'ముత్యాల ముగ్గు'కు కెమెరా పట్టింది 'గరం హవా' తీసిన ఇషాన్ ఆర్య. ఆ పనికి ఆయనకు జాతీయ అవార్డు వచ్చింది. హిందీలో 'హమ్ పాంచ్', 'వో సాత్ దిన్' సినిమాల్లో నసీరుద్దీన్ షా నటించారు. బాపుకి బడే గులాం అలీ ఖాన్ పాట, మెహదీ హసన్ గజల్ అంటే ప్రాణం. ఇంత తిరిగినా పత్రికలకు బొమ్మలు వేయడం మానలేదు. 2011లో రమణ పోయారు. 2013లో బాపుకి పద్మశ్రీ వచ్చింది. 2014 ఆగస్టు 31న చెన్నైలో కన్నుమూశారు.

ఆయన చేరిన ఆంధ్రపత్రిక 1991లోనే ఆగిపోయింది. కరోనా తర్వాత మరికొన్ని వారపత్రికలు అచ్చు మానేశాయి. జోక్ కార్టూన్‌కు ఉన్న ఇల్లే పోయిందన్నమాట. ఇప్పుడవి వాట్సాప్‌లో తిరుగుతున్నాయి, ఒక్కోసారి మూలన ఉన్న సంతకం కోసేసి మరీ. ఇంకో చిక్కు మన ఇళ్లలోనే ఉంది. ఇంగ్లిష్ మీడియం పిల్లలు బొమ్మ చూస్తారు, కింద ఉన్న తెలుగు చదవలేరు. సగం జోక్ దగ్గరే ఆగిపోతారు. బాపు కార్టూన్లు పుస్తకాలుగా కూడా వచ్చాయి. తెలుగు చదవడం వచ్చిన దాదీనో నానీనో పక్కన కూర్చోబెట్టుకుని ఒక పేజీ తిప్పి చూడండి, మిగతా సగం ఆవిడ చదివి చెబుతారు.