సముద్రాన్ని పూడ్చి కట్టిన ఊరు: ఉరయాసు



జపాన్ అనగానే మనకి బుల్లెట్ రైలు, భూకంపాలు గుర్తుకొస్తాయి. ఈసారి మన గోడపత్రికలో ఆ దేశంలోని ఒక ఊరి గురించి తెలుసుకుందాం. దాని పేరు ఉరయాసు. రాజధాని టోక్యో పక్కనే, టోక్యో అఖాతం ఒడ్డున ఉంది. రెండింటికీ నడుమ ఒక నది పాయ మాత్రమే అడ్డం. జనాభా సుమారు 1,70,000. రోజూ పొద్దున్నే వేలమంది రైలెక్కి టోక్యోలో ఉద్యోగాలకు పోతారు, రాత్రికి తిరిగి వస్తారు. కాని 1960ల దాకా ఇది జాలర్ల ఊరు.

పేరు ఎలా వచ్చింది?

1889లో మూడు పల్లెలు కలిపి ఒక గ్రామం చేశారు. జపాన్ భాషలో "ఉర" అంటే సముద్రపు ఒడ్డు, "యాసు" అంటే ప్రశాంతం. మా సముద్రం చల్లగా ఉండాలి అని కోరుకుని ఆ పేరు పెట్టుకున్నారన్నమాట.

ఆ మూడు పల్లెల్లో ఒకటి నెకొజానే. పూర్వం ఒకసారి పెద్ద అలలొచ్చి పల్లెని ముంచాయట. అప్పుడు జనం కరకట్ట పోసి దాని మీద దేవదారు జాతి చెట్లు నాటారు. అలలు ఆ చెట్ల వేర్లు దాటి రాకూడదని వాళ్ల కోరిక. "వేరు దాటవద్దు" అనే మాటే నోళ్లలో నలిగి నెకొజానే అయిందని పెద్దలు చెప్తారు.

సముద్రమే పొలం

ఇక్కడ సముద్రం లోతు తక్కువ. ఆటు వచ్చినప్పుడు నీరు వెనక్కి పోయి చాలా దూరం ఇసుక బయటపడేది. జనం అందులో గుల్లలు ఏరుకునేవారు. చలికాలంలో నోరి అనే సముద్రపు నాచు పెంచేవారు. దాన్ని సన్నగా తరిగి, మనం మామిడి తాండ్ర పోసినట్టు చాపల మీద పలచగా పరిచి, ఎండబెట్టి అమ్మేవారు. నాచు కోతకి పోయే ఒంటిమనిషి పడవ పేరు బెకా.

నల్లనీళ్ల గొడవ

1958లో ఎడో నది ఒడ్డున ఉన్న ఒక కాగితం మిల్లు నల్లటి మురుగునీళ్లు నదిలోకి వదిలింది. చేపలు, గుల్లలు చచ్చిపోయాయి. ఎంత చెప్పినా మిల్లు వినలేదు. జూన్ 10న వందలమంది జాలర్లు మిల్లు లోపలికి చొచ్చుకుపోయారు. పోలీసులతో కొట్లాట జరిగి చాలామంది గాయపడ్డారు. ఆ సంగతి దేశమంతా పాకింది. అదే ఏడాది డిసెంబరులో నీళ్లు పాడుచేయకుండా జపాన్ ప్రభుత్వం రెండు చట్టాలు చేసింది. ఈ విషయంలో ఆ దేశానికి అవే మొదటి చట్టాలు.

చట్టాలు వచ్చాయి గాని నీళ్లు బాగుపడలేదు. ఫ్యాక్టరీలు, ఇళ్లు పెరిగాయి, మురుగు పెరిగింది, వేట తగ్గింది. చివరికి జాలర్లు నష్టపరిహారం తీసుకుని, 1962లో కొంత, 1971లో పూర్తిగా, చేపలు పట్టే హక్కు వదులుకున్నారు.

ఊరు నాలుగింతలు

సముద్రం అడుగు ఇసుకని నీళ్లతో సహా పంపులతో తోడి ఒడ్డున నింపారు. ఊరు సుమారు 4 చదరపు కిలోమీటర్ల నుంచి 17 దాకా పెరిగింది. అనగా నేటి ఊరిలో నాలుగింట మూడు వంతులు ఒకప్పటి సముద్రమే. 1969లో టోక్యో రైలు వచ్చింది. 1981లో నగరం అయింది. 1983లో డిస్నీల్యాండ్ అనే పెద్ద వినోదాల తోట తెరిచారు.

నేల నీరైన రోజు

2011 మార్చి 11న వందల కిలోమీటర్ల దూరాన సముద్రంలో పెద్ద భూకంపం వచ్చింది. ఉరయాసులో కొత్త నేల బురదై పైకి చిమ్మింది. ఇళ్లు ఒరిగాయి. మురుగు కాలువల మ్యాన్‌హోళ్లు నేలలోంచి పైకి లేచాయి. నీళ్లు, మరుగుదొడ్లు లేక జనం వారాల తరబడి అవస్థ పడ్డారు.

ఎందుకిలా? మీరే చేసి చూడండి. ఒక గిన్నెలో ఇసుక వదులుగా పోసి, అది తడిసేదాకా నీళ్లు పోయండి. పైన ఒక రాయి పెట్టండి. అది నిలబడుతుంది. ఇప్పుడు గిన్నె పక్కన గబగబా తట్టండి. నీరు పైకి వస్తుంది, రాయి కుంగుతుంది. ఇసుక రేణువులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నంతసేపే బరువు మోస్తాయి. కుదిపితే ఆ పట్టు విడిపోయి, బరువంతా నీటి మీద పడుతుంది. దీన్నే నేల ద్రవీకరణం అంటారు.

పాత జాలరిపేటలో మాత్రం ఇలాంటి నష్టం దాదాపు లేదు. డిస్నీల్యాండ్‌లో కూడా, కట్టేముందే నేలని దట్టించి గట్టిపరిచిన చోట నిలిచింది. గట్టిపరచని బండ్లు ఆపే స్థలంలో బురద పొంగింది. కాబట్టి తప్పు నింపిన నేలది మాత్రమే కాదు, దాన్ని గట్టిపరచకుండా వదలడంలోనూ ఉంది.

ఇప్పుడు అక్కడ నాచు పొలాలు లేవు. 2001లో తెరిచిన మ్యూజియంలో 1952 నాటి జాలరిపేటని మళ్లీ కట్టి చూపిస్తున్నారు. బెకా పడవ కూడా ఎక్కవచ్చు.

మిత్రులారా, నెకొజానే అనే ఒక్క పేరులో ఆ పల్లెకి సముద్రంతో ఉన్న భయం మొత్తం దాగి ఉంది. మన ఊళ్లలోనూ ప్రతి గుట్టకీ, వాగుకీ, చెలమకీ ఒక పేరుంటుంది. సెలవులకి ఇంటికి పోయినప్పుడు ఆ పేరు ఎందుకొచ్చిందో ముసలివాళ్లని అడిగి రాసుకు రండి. వచ్చే నెల గోడపత్రికలో వేద్దాం.